గూడు ఖాళీ అయ్యే రోజులు: కొరమీను గద్దపై పాఠకుల ప్రశ్నలు

ఇంగ్లీషులో ఆస్ప్రే అని పిలిచే కొరమీను గద్ద గురించి ఈ శీర్షికలో ఇంతకుముందు రాశాము. స్కాట్లండ్, వేల్స్ ప్రాంతాల్లో దాని గూళ్ల దగ్గర కెమెరాలు అమర్చి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గూటిలో జరిగేదంతా ప్రత్యక్షంగా ప్రసారం చేస్తారని, దాన్ని మన ఊళ్లో ఫోనులోనూ చూడవచ్చని అందులో చెప్పాము. కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల పాఠకులు ఆ గూళ్లను ఎంత శ్రద్ధగా చూస్తున్నారో ఈ నెల ఉత్తరాలు చదివితే తెలిసింది. గూళ్లు ఖాళీ అవుతున్న కాలం కనుక ప్రశ్నలు ఎక్కువగా ఆ విషయం మీదే వచ్చాయి.

ప్రశ్న (ఒక ఉపాధ్యాయిని, కర్నూలు): వేల్స్‌లోని ఒక గూటిని ఏప్రిల్ నుంచి మా ఇంటిల్లిపాదీ చూస్తున్నాము. ఆగస్టు సగం గడిచాక తల్లి పక్షి కనిపించడం మానేసింది. తండ్రి మాత్రం చేపలు తెస్తున్నది. పిల్లలు రోజంతా అరుస్తూనే ఉన్నాయి. తల్లికి ఏదైనా ప్రమాదం జరిగిందా? లేకపోతే పిల్లలను అలా వదిలి ఎందుకు వెళ్లిపోయింది?

జవాబు: అమ్మా, ఆ తల్లి పక్షికి ఏమీ కాలేదనే అనుకోవచ్చు. కొరమీను గద్దల కుటుంబం వలసకు బయలుదేరే వరుస ఏటా దాదాపు ఇలాగే ఉంటుంది. ముందు తల్లి వెళుతుంది, తర్వాత పిల్లలు ఒక్కొక్కటిగా వెళతాయి, అన్నిటికంటే చివర తండ్రి కదులుతుంది. బ్రిటన్ గూళ్లలో తల్లి ఆగస్టు మధ్య ప్రాంతంలోనూ, పిల్లలు ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మొదటి వారాల్లోనూ, తండ్రి ఆ తర్వాత కొద్ది రోజులకూ వెళ్లిపోవడం పరిపాటి.

ఈ వరుసకు కారణం మీరు ఏప్రిల్ నుంచి చూస్తూ వచ్చిన పనుల పంపకంలోనే ఉంది. ఆడపక్షి రెండు మూడు గుడ్లు పెట్టిన నాటి నుంచి ఐదు వారాలకు పైగా పొదిగే భారం ఎక్కువగా దానిదే. పిల్లలు గుడ్డు చీల్చుకొని వచ్చాక మరో ఏడెనిమిది వారాల పాటు అది గూటిని విడిచి దూరం పోదు. వాన కురిస్తే రెక్కలు చాపి పిల్లలను కప్పుతుంది, ఎండ కాస్తే నీడ పడుతుంది, మగపక్షి తెచ్చిన చేపను చిన్న చిన్న ముక్కలుగా చీల్చి ఒక్కొక్క నోటికీ అందిస్తుంది. ఇంతకాలమూ అది తన కోసం వేటాడుకునేది చాలా తక్కువ. మగపక్షి తెచ్చే చేపకు చాలాసార్లు తల ఉండదు, దాన్ని అది ముందే తినేసి వస్తుంది. మిగిలిన దానిలో పిల్లలకు పెట్టగా దక్కినదే తల్లికి తిండి. జూలై రెండో సగంలో పిల్లలు ఎగరడం మొదలుపెట్టి, చేపను కాళ్ల కింద అదిమిపట్టి తామే చీల్చుకు తినగలిగే స్థితికి వచ్చాక, గూటి దగ్గర తల్లి చేయవలసిన పని దాదాపు పూర్తయినట్టే. ఇక దాని ముందు పశ్చిమ ఆఫ్రికా తీరం దాకా ఐదు వేల కిలోమీటర్ల ప్రయాణం ఉంది. నెలల తరబడి గూటిని అంటిపెట్టుకొని ఉండిన ఒళ్లు తేరుకోవాలంటే అది చేపలు సమృద్ధిగా ఉన్న చోటికి వెళ్లి, తిని, బలం కూడగట్టుకోవాలి. అది అక్కడే ఉండిపోతే తండ్రి తెచ్చే చేపలో పిల్లల వాటా తగ్గుతుంది కూడా. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ఆ తల్లిని నిందిస్తూ ఉంటే దయచేసి ఈ మాటలు వారికి చదివి వినిపించండి.

పిల్లల అరుపు విషయానికి వస్తే, అది ఆకలి అరుపే తప్ప తల్లి కోసం బెంగ కాదు. ఇప్పుడు అవి గట్టిగా అరిచేది తండ్రి కోసం, సరిగ్గా చెప్పాలంటే తండ్రి కాళ్లలోని చేప కోసం. తండ్రి గూటి మీద వాలిన మరుక్షణమే ఒక పిల్ల చేపను లాక్కొని, రెక్కలు రెండూ కిందికి చాపి దాన్ని కప్పేసి, తోబుట్టువులకు వీపు తిప్పి కూర్చోవడం మీరు గమనించే ఉంటారు. మొదటి చేప దొరకని పిల్ల తండ్రికి ఎదురెగిరి వెళుతుంది, దగ్గరలోని చెట్ల మీద కాపు కాస్తుంది, నీటి మీదికి వెళ్లి కాళ్లు తడిపి తిరిగి వస్తుంది. తండ్రి ఒక్క రోజు కూడా పిల్లలకు వేట నేర్పదు. నేర్పవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే నీటిలో చేపను చూసి దూకడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం, గురి కుదరడానికి మాత్రం అభ్యాసం కావాలి. కొన్ని పిల్లలు ఒక్క చేపనైనా స్వయంగా పట్టకముందే వలసకు బయలుదేరతాయి.

గుడ్లు పగిలే రోజున వేల మంది చూస్తారు, తల్లి వెళ్లిపోయాక చాలామంది చూడటం మానేస్తారు. నా దృష్టిలో ఆ తర్వాతి మూడు వారాలే గూటి జీవితంలో ఎక్కువ శ్రద్ధగా చూడవలసినవి, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి తిండి కోసం ఎదురుచూసిన పిల్ల తన బతుకు తాను బతకడానికి సిద్ధమయ్యేది ఈ రోజుల్లోనే. తెర మీద గంటల కొద్దీ ఖాళీ గూడు కనిపించినా మానవద్దు. ఒక పక్షి వచ్చి వాలితే అది పిల్లో పెద్దదో పోల్చుకోవడానికి వీపు చూడండి: పిల్ల వీపు మీది ఈకలన్నిటికీ లేత రంగు అంచులు ఉంటాయి, దాని కన్ను నారింజ రంగులో ఉంటుంది, పెద్ద పక్షి వీపు ఒకే ముదురు గోధుమ రంగులో, కన్ను పసుపు రంగులో ఉంటుంది. ఆగస్టులో దారిన పోయే వేరే కొరమీను గద్దలు కూడా గూళ్ల మీద వాలుతుంటాయి కాబట్టి కాలికి ఉన్న రంగు ఉంగరాన్ని, దాని మీది అక్షరాలను చూస్తే తప్ప మీ గూటి పక్షేనని నిర్ధారించుకోలేరు. పిల్లలన్నీ వెళ్లిపోయిన తర్వాత కూడా కొన్ని మగపక్షులు చేప పట్టుకొని ఖాళీ గూటికి రావడం చూశారు.

ప్రశ్న (తొమ్మిదో తరగతి విద్యార్థి, నందికొట్కూరు): తల్లి ముందే వెళ్లిపోయి, తండ్రి వెనుక ఉండిపోతే, పిల్లలకు దారి ఎవరు చూపిస్తారు?

జవాబు: ఎవరూ చూపించరు బాబూ. ఈ సందేహం శాస్త్రవేత్తలకూ వచ్చింది. 1990ల నుంచి స్వీడన్‌లోనూ, తర్వాత బ్రిటన్‌లోనూ కొరమీను గద్దల వీపుకు చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి, ఉపగ్రహాల సాయంతో వాటి దారిని గుర్తించారు. ఒకే గూటి పక్షులు వేరువేరు రోజుల్లో, వేరువేరు దారుల్లో వెళ్లాయని వాటివల్ల తేలింది. ఏ దిక్కుగా వెళ్లాలి, సుమారు ఎంతకాలం వెళ్లాలి అన్నది పిల్లకు పుట్టుకతోనే వస్తుంది. అయితే పక్కగాలి వీస్తే పెద్ద పక్షి తన దారిని సరిచేసుకోగలదు, మొదటిసారి వెళ్లే పిల్ల మాత్రం గాలితో పాటు పక్కకు కొట్టుకుపోతుంది. సముద్రం మీదికి కొట్టుకుపోయి నేల చేరలేనివీ, సహారా ఎడారిలో నీరసించి రాలిపోయేవీ ఉంటాయి. గూటిని విడిచిన పిల్లల్లో సగానికి పైగా మళ్లీ ఆ గూటి వైపు తిరిగి రావు. వినడానికి కష్టంగా ఉన్నా నువ్వు తెలుసుకోవలసిన నిజం ఇది. బతికిన పిల్ల మాత్రం మొదటి ప్రయాణంలో చూసిన నదులను, తీరాలను గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏటికేడు దాని దారి నేరుగా, సురక్షితంగా మారుతుంది.

ప్రశ్న (విశ్రాంత ఉద్యోగి, జమ్మలమడుగు): శీతాకాలంలో మా మైలవరం జలాశయం వంటి చోట్ల కనిపించే కొరమీను గద్దలు ఫోనులో మేము చూసే గూళ్ల నుంచి వచ్చినవేనా? ఆడ, మగ కలిసే వస్తాయా? ఇక్కడ అవి గూడు ఎందుకు కట్టవు?

జవాబు: మీరు చూసే బ్రిటన్ గూళ్ల పక్షులు మన వైపు రావు. అవి ఫ్రాన్స్, స్పెయిన్ మీదుగా సెనెగల్, గాంబియా, గినియా దేశాల తీరాలకు చేరతాయి. మన దేశానికి శీతాకాలంలో వచ్చేవి ఇంకా తూర్పున, రష్యా, సైబీరియా వైపు నదుల ఒడ్డున, సరస్సుల ఒడ్డున గూళ్లు కట్టే పక్షులు. ఆ గూళ్ల దగ్గర కెమెరాల ముందు కూర్చొని చూసే అవకాశం మనకు అంతగా లేదు గాని, అక్కడా కథ ఇదే వరుసలో నడుస్తుంది. అక్కడ నీళ్లు గడ్డకట్టకముందే బయలుదేరిన పక్షులు సెప్టెంబరు, అక్టోబరు నుంచి మన జలాశయాలకు చేరి, మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి.

జంట కలిసి రాదు. ఆడపక్షి ఒకచోట, మగపక్షి వందల కిలోమీటర్ల దూరంలో మరొకచోట శీతాకాలం గడపవచ్చు. రెండింటికీ పట్టు గూటి మీదే. వసంతంలో రెండూ అదే గూటికి తిరిగి వస్తాయి, అక్కడే కలుసుకుంటాయి. శీతాకాలపు విడిది మీద కూడా వాటికి అంతే పట్టు ఉంటుంది. ఒక పక్షి ఏటా అదే జలాశయానికి, తరచూ అదే ఎండు మొద్దు మీదికి వచ్చి కూర్చుంటుంది. అందుకే మైలవరంలోనో, శ్రీశైలం వెనుకజలాల్లోనో ముంపులో నిలబడి ఉన్న మోడులను వంటచెరకు కోసం నరికేస్తున్నప్పుడు ఒక పక్షి పదేళ్ల విడిదిని తీసేస్తున్నామేమో అన్న ఆలోచన మనకు కలగాలి.

ఇక గూడు కట్టకపోవడం గురించి. రాయలసీమలో, ఆ మాటకొస్తే దక్కను అంతటా, కొరమీను గద్ద గూడు పెట్టదు. మన దగ్గరికి వచ్చే పక్షులు పిల్లలను పెంచేది పగటి పొద్దు ఎక్కువసేపు ఉండే ఉత్తరాది వేసవిలోనే. వేటకు దొరికే గంటలు పెరిగితే మగపక్షికి అన్ని నోళ్లనూ నింపడం సులువవుతుంది. అయితే మీరు మే నెలలోనో జూన్‌లోనో మన జలాశయం మీద కొరమీను గద్దను చూస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. మొదటిసారి వలస వచ్చిన పిల్ల మరుసటి వసంతంలో తిరిగి వెళ్లదు. ఒక వేసవి, ఒక్కోసారి రెండు వేసవులు విడిది ప్రాంతంలోనే ఉండి, పక్వానికి వచ్చాక ఉత్తరానికి వెళుతుంది. గూడు పెట్టే వయసు మూడో ఏడు నుంచి ఐదో ఏడు మధ్య వస్తుంది. నీళ్లు అడుగంటి, మన రిజర్వాయర్లలో మడుగులు మాత్రమే మిగిలే ఆ నెలల్లో ఈ లేత పక్షులకు మన దగ్గర ఏ పాటి ఆదరణ ఉందన్నది నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోస్తుంది.

ప్రశ్న (ఒక రైతు, బుక్కపట్నం): మా చెరువు గట్టున రావిచెట్టు మీద పెద్ద పుల్లల గూడు ఉంది. తెల్లని తల గల గద్ద అందులో పిల్లలను పెంచింది. అది కొరమీను గద్ద కాదా?

జవాబు: కాదండీ, అది గరుడ పక్షి అయి ఉంటుంది. తల, రొమ్ము తెలుపు, మిగిలిన ఒళ్లంతా ఇటుక రంగు ఉంటే సందేహమే లేదు. అది మన దగ్గరే ఉండి, శీతాకాలం నుంచి వేసవి మొదలు దాకా చెరువుల ఒడ్డున చెట్ల మీద గూడు కడుతుంది. కొరమీను గద్దకు కడుపు వైపు తెలుపు, వీపు ముదురు గోధుమ, కంటి మీదుగా మెడ దాకా ఒక నల్లని పట్టీ ఉంటాయి. వేట చూస్తే ఇంకా సులభంగా తెలుస్తుంది: గరుడ పక్షి నీటి పైభాగం నుంచి చేపను తన్నుకుపోతుంది, కొరమీను గద్ద మాత్రం గాలిలో ఒకచోట రెక్కలాడిస్తూ నిలిచి, కాళ్లు ముందుకు చాపి నీటిలోకి దూకి, ఒక్కోసారి పూర్తిగా మునిగి లేస్తుంది.

ప్రశ్న (మత్స్యకారుల కుటుంబం నుంచి, గాజులదిన్నె జలాశయం సమీపం): మేము వదిలే చేపపిల్లలకు ఈ పక్షితో నష్టం ఉందా? వలలో చిక్కితే ఏం చేయాలి?

జవాబు: మీరు కష్టపడి వేసిన పిల్లల గురించి మీకు ఆందోళన ఉండటం న్యాయమే. కొరమీను గద్ద పట్టే చేప సాధారణంగా 150 నుంచి 300 గ్రాముల మధ్య ఉంటుంది. ఒక పక్షికి రోజుకు 300 గ్రాముల చేప సరిపోతుంది. వేలెడంత చేపపిల్ల కోసం అది నీటిలో దూకదు. నీటి పైభాగానికి దగ్గరగా తిరిగే చేపలే దానికి చిక్కుతాయి, ఎందుకంటే అది మీటరు లోతుకు మించి మునగలేదు. అడుగున తిరిగే చేప జోలికి అది పోలేదు. పైగా ఈ పక్షులు నీటికాకుల్లాగా గుంపులుగా వచ్చి పడవు, పెద్ద జలాశయంలో కూడా ఒకటి రెండు మించి కనిపించడం అరుదు.

వల గురించి కొంచెం వివరంగా చెబుతాను. చేప కోసం దూకిన పక్షి టంగూసు వలలో చిక్కితే రెక్కలు విరగవచ్చు, మునిగి చనిపోవచ్చు. దాని కాలి వేళ్ల అడుగు భాగం జారే చేపను పట్టడానికి వీలుగా ఆకురాయిలా గరుకుగా ఉంటుంది, గోళ్లు పొడవుగా వంగి ఉంటాయి. కాబట్టి మొదట మీ చేతులు కాపాడుకోండి. తల మీద ఒక గుడ్డ కప్పితే అది నెమ్మదిస్తుంది. తర్వాత రెండు కాళ్లూ కలిపి పట్టుకొని, దారాన్ని లాగకుండా కత్తెరతో తెంపండి. వల విలువ మీకు తెలుసు, అయినా ఆ నాలుగు కళ్లు తెంపక తప్పదు. బలంగా ఉంటే ఒడ్డున వదిలేయండి. గాయమైతే గాలి తగిలే అట్టపెట్టెలో ఉంచి, బలవంతంగా నీళ్లు గాని తిండి గాని పెట్టకుండా అటవీ శాఖ వారికి కబురు చేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ పక్షి ఉంది. దాన్ని చంపడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. కాలికి ఉంగరం ఉంటే తీయవద్దు, దాని మీది అంకెలను ఫోటో తీసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే అది ఏ దేశపు గూటిలో పుట్టిందో తెలిసే అవకాశం ఉంది.

ప్రశ్న (గృహిణి, ప్రొద్దుటూరు): ఒక చేపల గద్ద గూటికి అక్కడివాళ్లు కెమెరాలు, కాపలాలు పెట్టడం చూస్తే వింతగా ఉంది. అంత అవసరం ఎందుకొచ్చింది?

జవాబు: పోగొట్టుకొని తిరిగి తెచ్చుకున్న పక్షి కాబట్టి. గుడ్లు సేకరించేవాళ్లు, చేపల చెరువుల యజమానులు, వేటగాళ్లు కలిసి బ్రిటన్‌లో దీన్ని గూడు కట్టకుండా చేశారు. 1916 నాటికి అక్కడ గూళ్లు లేకుండా పోయాయి. 1954లో ఒక జంట స్కాట్లండ్‌లోని లాక్ గార్టెన్ అనే సరస్సు దగ్గర గూడు పెట్టింది. గుడ్ల దొంగలు అప్పుడూ ఊరుకోలేదు. అక్కడి పక్షి సంరక్షకులు రాత్రింబవళ్లు గూటికి కాపలా కాశారు. గూటిని దాచిపెట్టడం కంటే ప్రజలకు చూపించడమే మంచి రక్షణ అని నిర్ణయించి 1959లో దూరం నుంచి టెలిస్కోపుతో చూసే ఏర్పాటు చేశారు. ఇప్పుడు మీరు ఫోనులో చూసే కెమెరాలకు మూలం ఆ నిర్ణయమే. ఇంగ్లండులోని రట్లండ్ వాటర్ జలాశయానికి 1996 నుంచి స్కాట్లండ్ పిల్లలను తీసుకువచ్చి పెంచితే, 2001లో అక్కడ మొదటి పిల్ల పుట్టింది. ఇప్పుడు బ్రిటన్‌లో 200 జంటలకు పైనే ఉన్నాయి. అమెరికాలో కథ వేరు: పొలాల్లో చల్లిన డీడీటీ చేపల ద్వారా పక్షి ఒంట్లో చేరి గుడ్ల పెంకు పలచబడి, పొదుగుతుంటేనే పగిలిపోయేవి, 1972లో ఆ మందును నిషేధించాక పక్షులు క్రమంగా కోలుకున్నాయి. రోళ్లపాడు మైదానాల్లో బట్టమేక పిట్టలు ఎలా తగ్గిపోయాయో కళ్లారా చూసిన మన ప్రాంతం వాళ్లకు ఆ కాపలా అంత వింతగా అనిపించకూడదు తల్లీ.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, అనంతపురం): తెర మీద కాకుండా, గూళ్లు ఖాళీ అయ్యే దశను కళ్లతో చూడటానికి మన దగ్గర ఏదైనా చోటు ఉందా? కొరమీను గద్దను ఎప్పుడు, ఎక్కడ వెతకాలి?

జవాబు: గూళ్ల కోసమైతే ఉమ్మడి అనంతపురం జిల్లాలోని చిలమత్తూరు మండలం వీరాపురానికి వెళ్లండి. అక్కడి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు జనవరి ప్రాంతంలో చేరి గూళ్లు కట్టి, ఆగస్టు నాటికి పిల్లలతో వెళ్లిపోతాయి. వాటిని సైబీరియా కొంగలని చాలామంది అంటారు గాని అవి మన దేశపు పక్షులే. జూన్, జూలైలలో పిల్లలు గూటి అంచున రెక్కలు విదిలించడం, తల్లిదండ్రులు తిండి తేవడం తగ్గించడం వీధిలో నిలబడి చూడవచ్చు. గ్రామస్థులు ఆ పక్షులను తరతరాలుగా కాపాడుతున్నారు. వారిని అడిగి, చెట్ల కింద గోల చేయకుండా చూడండి.

కొరమీను గద్ద కోసం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెతకడం మంచిది. ఆగస్టు, సెప్టెంబరులలో తుంగభద్ర వరద నీరు ఎర్రగా ఉంటుంది, అందులో పై నుంచి చేప కనిపించదు. నీరు తేరుకున్నాకే పక్షికి వేట సాగుతుంది. సుంకేశుల, మధ్య పెన్నార్, పెన్నహోబిలం జలాశయాల వంటి విశాలమైన నీళ్ల దగ్గర ఉదయం ఎండెక్కకముందే నిలబడి, ముందు ఆకాశాన్ని కాకుండా నీటిలోని ఎండు మోడులను, ఒడ్డు వెంట కరెంటు స్తంభాలను బైనాక్యులర్‌తో వరసగా చూడండి. కొరమీను గద్ద ఎగిరే సమయం కంటే కూర్చునే సమయమే ఎక్కువ. చేప పట్టిన తర్వాత దాని తలను ముందుకు తిప్పి, పొడవుగా పట్టుకొని ఎగరడం కనిపిస్తే అదే మీరు వెతుకుతున్న పక్షి. వీపు ఈకల అంచులు లేతగా ఉన్నాయేమో చూసి, తేదీ, స్థలం, నీటిమట్టం రాసుకోండి. నవంబరులో వచ్చిన పిల్ల అదే మోడు మీద మే నెలలోనూ ఉందా అన్నది మీ రాతల వల్లే తెలుస్తుంది, కాబట్టి వేసవిలో కూడా ఒకసారి అక్కడికి వెళ్లి రండి, చూసినది ఈ శీర్షికకు రాసి పంపండి.